ఫోను మార్చుటకు ముందు



ఈ నెల పాఠము మన జేబులో ఉండే ఫోనును గూర్చినది. ఇది పాఠమునకు తగిన విషయమేనా అని కొందరు అడుగవచ్చును. తోరణగల్లు ఉక్కు కర్మాగారములో షిఫ్టు పని చేయువారికి, బళ్ళారి జీన్స్ కుట్టు షెడ్లలో ఉన్నవారికి, సిరుగుప్ప ప్రక్క క్యాంపులలో వ్యవసాయము చేసికొనువారికి, బెంగుళూరుకో కువైట్‌కో వెళ్ళినవారికి సొంత ఊరితో మిగిలిన దారి ఇప్పుడు ఇదే. ఉత్తరము వ్రాసే అలవాటు పోయినది. ఫోను మొరాయించిన రోజున ఊరే మనకు దూరమవుతుంది. అందుచేతనే విసుగు పుట్టి, "ఈ రకము వద్దు, ఇంకొక రకము కొందాము" అనుకొనేవారు మనలో చాలమంది ఉన్నారు. మేమును అట్లే అనుకొన్నాము. అనుకొన్న తరువాత ఏమేమి తెలిసికొన్నామో ఇక్కడ వ్రాయుచున్నాము.

మేమిద్దరము ఆలూరు వైపు నుండి బళ్ళారికి వచ్చి 22 ఏండ్లయినది. మా చిన్నమ్మ గుంతకల్లులో ఉండేది. ఇక్కడి నుండి రైలులో గంట ప్రయాణము. ఆమెకు చదువు రాదు గనుక మెసేజి వ్రాయదు. ఫోనులో మైకు గుర్తు నొక్కి మాట్లాడి పంపేది. ఉదయము కాఫీ వేళకు ఒకటి, రాత్రి పడుకొనేటప్పుడు ఒకటి. మేము కన్నడ నాటిలో ఉన్నామని ఎగతాళిగా, "ఏం నాయనా, ఊట ఆయితా?" అని మొదలుపెట్టి, తరువాత కోడలి మీద చాడీలు, పప్పు ధర, మోకాలి నొప్పి, అన్నీ చెప్పేది. మేము సగము విని సగము వినకుండా వదిలేసేవారము. ఇట్లు మూడేండ్ల మాటలు మా ఫోనులో చేరినవి.

పోయిన వేసవిలో ఒక రాత్రి ఆమె నిద్రలోనే కన్నుమూసినది. పదిన్నరకు కుటుంబము గ్రూపులో వార్త పెట్టినారు: భూస్థాపన రేపు ఉదయము 11 గంటలకు. మా ఫోను మ్రోగలేదు. మేము మరునాడు మధ్యాహ్నము రెండు గంటలకు కరెంటు బిల్లు కట్టుటకని ఫోను తీసి, పని అయిన తరువాత వాట్సాప్ తెరచినాము. అప్పుడు ఒక్కసారిగా పోగుపడిన మెసేజీలన్నీ దిగినవి. దిగినవి కూడ సగమే; ఫోటోలు తెరచుకొనలేదు, స్థలము చాలదని తెర మీద వచ్చినది. అప్పటికి మట్టి వేసి అందరును ఇంటికి వచ్చినారు.

సాయంత్రము గుంతకల్లు చేరినాము. చిన్నమ్మ కొడుకు అన్న మాట ఇప్పటికిని చెవిలో ఉన్నది. "గ్రూపులో పెట్టినాము కదప్పా, చూసుకోలేదా?" ఏమి చెప్పగలము? ఫోను మ్రోగలేదని చెప్పితే సాకు చెప్పినట్లుండును. ఊరకుంటిమి.

తిరిగి వచ్చేటప్పుడు రైలులోనే తీర్మానించినాము, ఈ ఫోను ఇక వద్దని. బెంగుళూరులో ఉన్న మేనల్లుడు తన పాత ఐఫోను ఇస్తానని ఎప్పటి నుండో అంటున్నాడు. వెంటనే ఫోను చేసి, తెచ్చి ఇమ్మన్నాము. అతడు ఒక్క మాట అడిగినాడు: "తెస్తా మామా. అయితే అవ్వ మాట్లాడి పంపినవన్నీ పాత దాంట్లో ఉన్నాయి గదా, అవి ఏం చేస్తారు? అవి వాటంతట అవి రావు."

అప్పటి వరకు ఆ ఆలోచనే మాకు తోచలేదు.

తప్పు ఎవరిది?

కోపములో ఉన్నప్పుడు ఫోను అంతయు చెడ్డదే అనిపించును. ఒక్కొక్క బాధను విడదీసి చూచినప్పుడు మాత్రమే ఏది ఫోను తప్పు, ఏది మన తప్పు, ఏది ఎక్కడికి పోయినను మనతోనే వచ్చునది అని తెలియును. మేనల్లుడు ఒక ఆదివారము వచ్చి మా ఇద్దరిని కూర్చుండబెట్టి చూపించినాడు.

మొదటిది, ఆ రాత్రి ఎందుకు మ్రోగలేదు? మన దేశములో పది ఫోన్లలో తొమ్మిదికి పైగా ఆండ్రాయిడ్ రకమువే. ఆండ్రాయిడ్‌ను చేయునది గూగుల్ అయినను, ఫోను తయారుచేయు ప్రతి కంపెనీ దాని మీద తన మార్పులు తాను చేసికొనును. బ్యాటరీ రెండు రోజులు నిలుచునని ప్రకటించుకొనవలెను గనుక, మనము కొంతసేపు తెరువని యాప్‌లను కొన్ని కంపెనీల ఫోన్లు నిద్రపుచ్చును. నిద్రపోయిన యాప్‌నకు వార్త వచ్చినను అది లేవదు. మనము తెరచినప్పుడే లేచును. బ్యాటరీ మిగిలినది, వార్త మిగలలేదు. ఇది నిజముగా ఫోను తప్పే. ఐఫోనులో వార్త తెచ్చే ఏర్పాటు ఆపిల్ వారి చేతిలోనే ఒక్క దారిలో నడుచును గనుక ఈ బాధ తక్కువ. ఈ ఒక్క విషయములో మార్చుకొనవలెనను మా కోరిక తప్పు కాదు.

అయితే దీనికి మందు మన ఫోనులోనే ఉన్నది. సెట్టింగులలో యాప్‌ల జాబితాకు పోయి, వాట్సాప్‌ను నొక్కి, బ్యాటరీ అని ఉన్నచోట "అన్‌రిస్ట్రిక్టెడ్" అనుదానిని ఎంచుకొనవలెను. కొన్ని ఫోన్లలో "ఆటోస్టార్ట్" అని వేరుగా ఉండును, దానిని కూడ తెరచి ఉంచవలెను. రెండు నిమిషముల పని. నాలుగేండ్లుగా ఆ ఫోను వాడుచున్నాము, ఒక్కసారియైనను అక్కడికి పోయి చూడలేదు.

రెండవది స్థలము నిండుట. ఇది పూర్తిగా మా తప్పే. వాట్సాప్‌లో సెట్టింగులకు పోయి "స్టోరేజ్ అండ్ డేటా", దాని లోపల "మేనేజ్ స్టోరేజ్" అని నొక్కితే, ఏ గ్రూపు ఎంత స్థలము తిన్నదో వరుసగా కనపడును. చాలసార్లు ఫార్వర్డు అయినవి ఒకచోట, 5 ఎంబి కంటె పెద్దవి ఇంకొకచోట పెట్టి చూపించును. మా ఫోనులో ఏమున్నవనుకొన్నారు? గులాబీ పువ్వుతో శుభోదయములు వందల కొలది. ఒకే వీడియో తొమ్మిది గ్రూపుల నుండి తొమ్మిదిసార్లు. ఎవరిదో తెలియని పెండ్లి. ఇవన్నియు దాచుకొని, చిన్నమ్మ కడపటి ఫోటోకు చోటు లేదన్నాము. అక్కడే "ఆటో డౌన్‌లోడ్" ఆపివేసినాము. ఇప్పుడు మనము నొక్కినదే దిగును. ఫోను మార్చి ఉంటే ఆ తొమ్మిది గ్రూపులును కొత్త ఫోనులోనికి వచ్చి ఉండెడివి, ఆరు నెలలలో అదియు నిండెడిది.

ఇందులోనే ఇంకొక చిక్కు. ఫోనులో చోటు వేరు, గూగుల్ వద్ద మన పేరున ఉన్న చోటు వేరు. గూగుల్ వారు ఉచితముగా ఇచ్చునది 15 జిబి. 2021 జూన్ నుండి ఫోటోలను, 2024 నాటికి వాట్సాప్ బ్యాకప్పును కూడ ఆ 15లోనే లెక్కించుచున్నారు. అది నిండితే కొత్త బ్యాకప్పు ఆగిపోవును, మనము గమనించము. ఐఫోను వారికి ఆపిల్ ఉచితముగా ఇచ్చునది ఇంకను తక్కువ, 5 జిబి మాత్రమే. "ఆ ఫోను కొంటే చోటు బాధ ఉండదు" అనుకొనువారు ఈ లెక్క చూచుకొనవలెను.

మూడవది వేడి, బ్యాటరీ దిగిపోవుట. బళ్ళారిలో ఏప్రిల్, మే నెలలలో ఎండ 40 డిగ్రీలు దాటుట మనకు కొత్త కాదు. ఐఫోనును 0 నుండి 35 డిగ్రీల వరకు ఉన్న గాలిలో వాడవలెనని ఆపిల్ వారే చెప్పుచున్నారు. అనగా మన వేసవిలో సగము దినములు అది కూడ హద్దు దాటియే ఉండును. లిథియం బ్యాటరీ ఏ కంపెనీదైనను వేడికి త్వరగా ముసలిదగును. బండి ముందు తగిలించి ఎండలో నడుపుట, దిండు క్రింద పెట్టి ఛార్జింగు వేయుట, రేకుల షెడ్డులో కిటికీ దగ్గర వదలివేయుట, ఇవి మాని చూడవలెను. కంపెనీ మార్చితే బళ్ళారి ఎండ మారదు. బ్యాటరీ మాత్రమే పోయిన ఫోనుకు బ్యాటరీ మార్పించుకొంటే చాలును, ఫోను మార్చనక్కరలేదు.

నాలుగవది, దీనిని గూర్చి ఫోనును ఏమియు అనలేము. మరణవార్తను గ్రూపులో పెట్టి ఊరకుండుట. రాత్రి పదిన్నరకు ఒక్క కాల్ చేసి ఉంటే మేము తెల్లవారు రైలు ఎక్కియుందుము. చిన్నమ్మ కొడుకును తప్పుపట్టుట లేదు, ఆ రాత్రి అతనికి ఎన్ని పనులో. కాని మేము కూడ గత రెండేండ్లలో ఇద్దరి విషయములో అదే పని చేసినాము. గ్రూపులో పెట్టి, పని అయినదనుకొన్నాము. ఎవరు చూచినారో లెక్క చూడలేదు.

అక్షరముల సంగతి

ఫోను రకము మార్చునప్పుడు ఇంగ్లీషు వారికి రాని ఒక ప్రశ్న మనకు వచ్చును: అందులో మన లిపి సరిగా ఉన్నదా? సరిహద్దులో ఉన్న మనకు రెండు లిపులు కావలెను. పిల్లల బడి వార్తలు కన్నడములో, ఊరి వార్తలు తెలుగులో వచ్చును.

కంప్యూటరులో తెలుగు పడిన పాట్లు మన పత్రికలు అచ్చు వేయించిన పెద్దలకు గుర్తుండును. 1990లలో ఒక డి.టి.పి. కేంద్రములో టైపు చేసినది ఇంకొక కేంద్రములో తెరిస్తే పిచ్చి గీతలు వచ్చెడివి. ఒక ఫాంటు అక్షరము ఇంకొక ఫాంటుకు తెలియదు. ప్రతి లిపిలోని ప్రతి అక్షరమునకు లోకమంతటికిని ఒకే సంఖ్య ఇచ్చే యూనికోడ్ 1991లో వెలువడినది, అందులో మొదటి నుండియే తెలుగును కన్నడమును ప్రక్కప్రక్కనే ఉన్నవి. కాని సంఖ్య ఉన్నంత మాత్రాన ఫోను అక్షరమును గీయలేదు. తొలి ఆండ్రాయిడ్ ఫోన్లలో తెలుగు మెసేజి వస్తే డబ్బాలు డబ్బాలుగా కనపడెడిది. 2012లో వచ్చిన ఆండ్రాయిడ్ 4.1తోనే తెలుగు, కన్నడము, మలయాళము దానిలో చేరినవి.

ఐఫోనుకు కూడ తెలుగుతో ఒక కథ ఉన్నది, అది లోకమంతయు చెప్పుకొన్నది. 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరము వస్తే చాలు ఐఫోనులోని యాప్ మూతపడిపోయెడిది. ఆ మెసేజి తెరచిన వాట్సాప్ మరల తెరచుకొనెడిది కాదు. కొన్నిసార్లు ఫోను కూడ ఆగి మరల మరల మొదలయ్యెడిది. ఆ అక్షరము "జ్ఞా". జ్ఞానము, జ్ఞాపకము అను మాటలలోని మొదటి అక్షరమే! మామూలుగా వ్రాసిన జ్ఞానముతో ప్రమాదము లేకుండెను. అక్షరములు కలిసిపోకుండ ఆపుటకు వాడు కంటికి కనపడని గుర్తు ఒకటి యూనికోడులో ఉన్నది. అది "జ్ఞ"కును దీర్ఘమునకును మధ్య చేరినప్పుడు దానిని ఎట్లు గీయవలెనో ఐఫోనుకు తెలియక కూలిపోయెడిది. కొంటె పిల్లలు దానిని కావలెనని పంపుకొని ఆడుకొన్నారు. ఆపిల్ వారు ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 అను సవరణ ఇచ్చి దానిని సరిచేసినారు.

దీనిని ఐఫోనును నిందించుటకు వ్రాయుటలేదు. ధర ఎక్కువ గనుక లోపము ఉండదని అనుకొనరాదని వ్రాయుచున్నాము. కొనుటకు ముందు దుకాణములోనే ఫోను చేతికి తీసికొని, "క్షమించండి", "జ్ఞాపకము", "ఋణము" అని టైపు చేసి చూడండి. తరువాత అదే మెసేజిలో ఒక కన్నడ వాక్యము వ్రాయండి. ఒక లిపి నుండి ఇంకొక లిపికి మారుట ఎంత సులభమో అక్కడే తెలియును. దుకాణదారు విసుక్కొన్నను ఫరవాలేదు, డబ్బు మనది.

హద్దు దాటునది, దాటనిది

మన ప్రాంతపు వారికి హద్దు అంటే ఏమో చెప్పనక్కరలేదు. 1953 అక్టోబరు 1 వరకు ఆలూరు, ఆదోని, రాయదుర్గము, బళ్ళారి అన్నియు ఒకే జిల్లా, మద్రాసు రాష్ట్రము. ఆ దినమున ఆలూరు, ఆదోని, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రకు పోయినవి, బళ్ళారి మైసూరుకు వచ్చినది. మనుష్యులు ఎక్కడివారు అక్కడే ఉన్నారు, కాగితములు మాత్రము వేరైపోయినవి. నేటికిని పొలము కాగితమును అటు అడంగల్ అందురు, ఇటు పహణి అందురు. పొలము పొలమే, కాని ఆ కచేరి కాగితము ఈ కచేరిలో చెల్లదు.

ఆండ్రాయిడ్ నుండి ఐఫోనుకు పోవుట కూడ ఇట్టిదే. ఫోటోలు దాటును. పేర్లు, నంబర్లు గూగుల్ ఖాతాలో ఉంటే దాటును. సిమ్ మీదనో ఫోను మీదనో వ్రాసియుంటే ముందుగా ఖాతాలోనికి ఎక్కించుకొనవలెను. డబ్బు కట్టి కొన్న యాప్‌లు దాటవు, అక్కడ మరల కొనవలెను. ఫోను నంబరు నిశ్చింతగా దాటును. 2015 జూలై 3 నుండి రాష్ట్రము మారినను అదే నంబరు ఉంచుకొని కంపెనీ మార్చుకొనవచ్చునని ప్రభుత్వము ఏర్పాటు చేసినది. వలస వచ్చిన మనకు అది గొప్ప మేలు, ఎందుకనగా బ్యాంకు, ఆధార్ అన్నియు ఆ నంబరునకే కట్టియున్నవి. డబ్బు పంపు యుపిఐ యాప్‌లను కొత్త ఫోనులో మరల మొదటి నుండి నమోదు చేయవలెను. అప్పుడు ఫోను తానే ఆ సిమ్ నుండి ఒక ఎస్సెమ్మెస్ పంపి రూఢి చేసికొనును. సిమ్ ఆ ఫోనులోనే ఉండవలెను, ఎస్సెమ్మెస్ పంపుటకు బ్యాలెన్సు ఉండవలెను. మొదటి దినమున కొన్ని బ్యాంకులు పెద్ద మొత్తములు పంపనీయవు. కావున జీతపు దినమునో, ఫీజు కట్టు దినమునో ఫోను మార్చవద్దు.

కష్టమైనది వాట్సాప్. ఆండ్రాయిడ్ వాట్సాప్ తన బ్యాకప్పును గూగుల్ వద్ద దాచును, ఐఫోను వాట్సాప్ ఆపిల్ వారి ఐక్లౌడ్‌లో దాచును. దీనిని అది చదువలేదు, దానిని ఇది చదువలేదు. 2021 వరకు ఇటు నుండి అటు పోవుటకు కంపెనీ వారు చూపిన సరియైన దారియే లేకుండెను. ఆ సంవత్సరము ఐఫోను నుండి ఆండ్రాయిడ్‌కు, మొదట సామ్‌సంగ్ ఫోన్లకు, కేబులు ద్వారా దారి తెరచినారు. 2022 జూన్‌లో ఆండ్రాయిడ్ నుండి ఐఫోనుకు తెరచినారు.

ఆ రెండవ దారియే మనలో ఎక్కువమందికి కావలసినది గనుక కొంచెము వివరించెదము. పాత ఫోనులో "మూవ్ టు ఐఓఎస్" అను యాప్ వేసికొనవలెను. కొత్త ఐఫోను పెట్టెలో నుండి అప్పుడే తీసినదై ఉండవలెను, లేదా అంతయు తుడిచి మొదటి స్థితికి తెచ్చినదై ఉండవలెను. ఇదియే అందరును జారిపడు చోటు. కొత్త ఫోనును ముందుగా తెరచి, వారము దినములు వాడి, పిల్లల ఫోటోలు తీసి, అప్పుడు వాట్సాప్ జ్ఞాపకము వచ్చి చూచినవారికి ఆ దారి మూసికొనియుండును. మరల తుడిచి మొదలుపెట్టవలసినదే. రెండు ఫోన్లకును ఛార్జరు తగిలించవలెను, రెండును ఒకే వైఫైలో ఉండవలెను, నంబరు అదే ఉండవలెను. మెసేజీలు ఎక్కువగా ఉంటే గంటలు పట్టును. మధ్యలో ఎవరో ఫోను చేసినారని తీయవద్దు. అయిన తరువాత కూడ పాత ఫోనులోనివి మనము తుడిచేదాక అట్లే ఉండును. కావున కొత్త దానిలో అన్నియు వచ్చినవా అని విని, చూచి, నెల దినములు ఆగి, అప్పుడే పాతది అమ్మవలెను.

బ్యాకప్పునకు పాస్‌వర్డు పెట్టుకొనే ఏర్పాటు కూడ వాట్సాప్‌లో ఉన్నది. పెట్టుకొన్నవారు దానిని డైరీలో వ్రాసికొనండి. మరచిపోతే వాట్సాప్ వారు కూడ తెరువలేరు.

కీప్యాడ్ ఫోను వారికి ఒక మాట

ఫోను రకమును మనమే మార్చుకొనుట ఒకటి, మనలను మార్పించుట ఇంకొకటి. 2017లో 1500 రూపాయల డిపాజిట్టుతో జియోఫోను వచ్చినప్పుడు కూలి పనివారి ఇండ్లలోనికి కూడ ఇంటర్నెట్టు వచ్చినది. అది ఆండ్రాయిడ్ కాదు, ఐఫోను కాదు, కైఓఎస్ అను మూడవ రకము. 2018 సెప్టెంబరులో దానికి వాట్సాప్ వచ్చినది. 2024 జూన్‌లో ఆ రకము ఫోన్లలో కొత్తగా వాట్సాప్ వేసికొనుట ఆపినారు, 2025 మొదటి నెలలలో ఉన్నవారికి కూడ ఆగిపోయినది. ఫోను బాగుగనే ఉన్నది, కాల్ వచ్చును, పోవును, వాట్సాప్ మాత్రము లేదు. ఇట్లు జరుగుట ఇదే మొదలు కాదు: 2017లో పాత నోకియా సింబియన్ ఫోన్లకు, 2019 డిసెంబరు 31తో విండోస్ ఫోన్లకు ఇదే జరిగినది. పాత ఆండ్రాయిడ్‌కును పాత ఐఫోనుకును కూడ వంతు వచ్చుచునే ఉన్నది.

కావున కొనునప్పుడు అడుగవలసిన ప్రశ్న "కెమెరా ఎంత?" అని కాదు, "దీనికి ఎన్నేండ్లు సవరణలు వచ్చును?" అని. 2015లో వచ్చిన ఐఫోన్ 6ఎస్‌కు 2021లో కూడ కొత్త ఐఓఎస్ వచ్చినది. గూగుల్ పిక్సెల్ 8కు 2023లోను, సామ్‌సంగ్ ఎస్24కు 2024లోను ఏడేండ్ల మాట ఇచ్చినారు. ఇవి ఖరీదైనవి. తక్కువ ధర ఫోన్లలో చాలవాటికి ఈ గడువు తక్కువ. అది పెట్టె మీద పెద్ద అక్షరములతో వ్రాసియుండదు, అడిగి తెలిసికొనవలెను.

సెకండ్ హ్యాండు ఫోను కొనువారు రెండు సంగతులు చూచుకొనండి. *#06# అని నొక్కితే 15 అంకెల ఐఎంఈఐ నంబరు వచ్చును. కెవైఎమ్ అను మూడు ఇంగ్లీషు అక్షరములు వ్రాసి, ఖాళీ విడిచి, ఆ నంబరు వేసి 14422కు ఎస్సెమ్మెస్ పంపితే ఆ ఫోను వివరము వచ్చును. దొంగ ఫోను అని ప్రభుత్వము ఆపివేసినదైతే అక్కడే తెలియును. రెండవది, అమ్మువాడు తన ఆపిల్ ఖాతాను, లేదా గూగుల్ ఖాతాను, మీ కన్నుల ఎదుట తీసివేయవలెను. తీయని ఫోనును తుడిచినను అది పాత యజమాని పాస్‌వర్డే అడుగును. అట్టి ఐఫోను ఎంత చవకగా వచ్చినను కాగితముల బరువుకు తప్ప పనికిరాదు.

మేము చేసినది

మేనల్లుడు ఫోను తెచ్చినాడు, బల్ల మీద పెట్టినాడు. మేము దానిని ఆ దినము తెరువలేదు. ముందు చిన్నమ్మ మాటలను బయటికి తీయవలెనన్నాము. పాత ఫోనును కేబులుతో కంప్యూటరునకు తగిలించి వాట్సాప్ ఫోల్డరులో చూడగా, "వాయిస్ నోట్స్" అను పేరుతో వారము వారముగా కట్టలు కట్టి ఉన్నవి. పేర్లు లేవు, తేదీలు, అంకెలు మాత్రమే. ఎవరి మాట ఏదో తెరచి వింటే తప్ప తెలియదు. ఓపస్ అను రకము గనుక మామూలు పాటల యాప్ కొన్నిటిని తెరువలేదు; విఎల్‌సి అను యాప్ తెరచినది. చిన్నమ్మవి మాత్రమే కావలసినవారు ఇంకొక విధముగా చేయవచ్చును. ఆమె చాట్ తెరచి, పైన మూడు చుక్కలు నొక్కి, "ఎక్స్‌పోర్ట్ చాట్" అని ఎంచుకొని మీడియాతో సహా పంపుకొనవచ్చును. చాల ఎక్కువైతే పాతవి కొన్ని వదలివేయును, అందుచేత మేము రెండు విధములను చేసినాము.

మూడు ఆదివారములు పట్టినది. సగము వినకుండా వదిలేసిన మాటలన్నియు అప్పుడు విన్నాము. ఒకదానిలో, "మీరు వినరని నాకు తెలుసు లే నాయనా, నేను ఊరికే మాట్లాడుతుంటా" అన్నది.

వాటిని రెండు పెన్‌డ్రైవులలోనికి ఎక్కించినాము. ఒకటి మా పెట్టెలో పహణి కాగితములతో ఉన్నది. రెండవది గుంతకల్లుకు తీసికొనిపోయి చిన్నమ్మ కొడుకునకు ఇచ్చినాము. అతని ఫోనులో ఆమె గొంతు ఒక్కటియు లేదు, ఒకే ఇంట్లో ఉన్నవారు మెసేజీలు పంపుకొనరు గదా. అతడు ఆ రాత్రి సంగతి ఎత్తలేదు, మేమును ఎత్తలేదు. కోడలు మాత్రము, "నా మీద చెప్పినవి కూడా ఉన్నాయా?" అని అడిగినది. ఉన్నవి అన్నాము. నవ్వినది.

ఐఫోనును మేనల్లునికి తిరిగి ఇచ్చివేసినాము. మా పాత ఫోనుకు సవరణలు ఇంకను ఒక సంవత్సరము వచ్చునట, అది అయిన తరువాత చూచెదము. ఇప్పుడు మ్రోగుచున్నది.

వచ్చే కూటమునకు పని

ప్రతివారును తమ ఫోనును, దాని ఛార్జరును తీసికొనిరండి. యౌవనస్థులు ఒక్కొక్కరు ఒక పెద్దవారి ప్రక్కన కూర్చుండి వాట్సాప్ బ్యాటరీ సెట్టింగు, చోటు లెక్క, బ్యాకప్పు కడపట ఎన్నడు జరిగినదో చూచి, ఒక కాగితము మీద వ్రాసి వారికే ఇవ్వవలెను. తుడుచుట మాత్రము ఫోను గలవారు చెప్పినదే తుడువవలెను. ఫోనులో ఎవరి గొంతునైనను దాచుకొనగోరువారు ఖాళీ పెన్‌డ్రైవు తెచ్చుకొనండి. మరణవార్త వచ్చినప్పుడు ఎవరు ఎవరికి కాల్ చేయవలెనో వీధుల వారీగా ఒక పట్టిక కూడ ఆ దినముననే వ్రాసికొందము. కౌల్‌బజారు వైపు పది ఇండ్లకు కాల్ చేయు పని మేము తీసికొనుచున్నాము.